పొదుపు ఒకటి, వ్యాపారం మరొకటి: పిల్లలకు రెండూ నేర్పడం ఎలా?

పిల్లలకు డబ్బు విలువ తెలియాలి అంటాం. పెద్దయ్యాక సొంతంగా ఏదైనా మొదలుపెట్టే ధైర్యం కూడా రావాలి అంటాం. రెండూ ఒకే ఊపులో అనేస్తాం కాబట్టి అవి రెండూ ఒకటేనన్న భావన పాతుకుపోయింది. పిల్లల కోసం వస్తున్న వర్క్‌షాపులు, యాప్‌లు, వీడియోలు కూడా పొదుపునూ వ్యాపారాన్నీ ఒకే గాటన కట్టేస్తున్నాయి. తల్లిదండ్రులకు టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే. ఏది ముందు చెప్పాలి? ఏ వయసులో చెప్పాలి? ఇంటి పనికి డబ్బు ఇవ్వొచ్చా? పదేళ్ల పిల్ల ఏదో తయారు చేసి అమ్ముతానంటే ఒప్పుకోవాలా? ఒక్కో ప్రశ్నకు పదిమంది పది రకాలుగా సలహా ఇస్తారు.

ముందుగా చూడాల్సింది ఏమిటంటే, ఈ రెండు పాఠాలూ చాలాచోట్ల ఒకదానికొకటి ఎదురొస్తాయి. ఉన్నదాన్ని కాపాడుకో, తొందరపడకు, ఖర్చు పెట్టే ముందు రెండుసార్లు ఆలోచించు అంటుంది పొదుపు. ఉన్నదాంట్లోంచి కొంత తీసి, తిరిగొస్తుందో రాదో తెలియని చోట పెట్టమంటుంది వ్యాపారం. పైసా వృథా చేస్తే కోప్పడే ఇంట్లోనే "రిస్క్ తీసుకోవడం నేర్చుకో" అని కూడా చెబితే పిల్లలు తికమకపడతారు. ఆ తికమకలో వాళ్ల తప్పేమీ లేదు. రెండు మాటల మధ్య ఉండాల్సిన లంకె మనం చెప్పలేదు.

ఆ లంకె ఒక ప్రశ్న రూపంలో దొరుకుతుంది: పోయినా తట్టుకోగలిగింది ఎంత? అనుభవమున్న వ్యాపారవేత్తల ఆలోచనా తీరును పరిశోధించిన సరస్ సరస్వతి 2001లో ప్రచురించిన వ్యాసంలో ఈ విషయాన్ని ముందుకు తెచ్చారు. ఎంత లాభం వస్తుందో అంచనా వేసి దాన్నిబట్టి దూకడం పాఠ్యపుస్తకాల్లో కనిపించే పద్ధతి. అనుభవజ్ఞులు తరచూ ఇంకోవైపు నుంచి మొదలుపెడతారని ఆమె వాదన. ఇది మొత్తం పోతే నేను ఎంతవరకు నిలబడగలను అని ముందు చూసుకుని, ఆ గీత లోపలే ప్రయత్నం చేస్తారు. ఇలా చూస్తే పొదుపు వ్యాపారానికి అడ్డం కాదు. ఆ గీత ఎక్కడ గీయాలో చెప్పేది పొదుపే. తన దగ్గర ఎంతుందో, అందులో దేనికెంత కావాలో తెలియని పిల్లాడికి ఎంత పోగొట్టుకోవచ్చో ఎలా తెలుస్తుంది? అందుకే నా దృష్టిలో క్రమం ఇది: ముందు సొంత డబ్బు మీద సొంత నిర్ణయం, ఆ తర్వాతే అమ్మకం, లాభం, నష్టం. ఈ క్రమాన్ని తిరగేసి, చేతిలో ఎప్పుడూ డబ్బు పట్టని పిల్లల్ని నేరుగా "బిజినెస్ ఐడియా" పోటీలకు పంపడం వల్ల వాళ్లకు వేదిక మీద మాట్లాడటం వస్తుందేమో గానీ లెక్క రాదు.

ఏ వయసుకు ఎంత అర్థమవుతుంది

పెద్దవాళ్లకు లాభం అన్నది ఎంత సహజంగా తోస్తుందంటే, అది అర్థం కాని దశ ఒకటి ఉంటుందని కూడా గుర్తుండదు. గుస్తావ్ జహోదా అనే మనస్తత్వవేత్త గ్లాస్గోలో పిల్లలతో దుకాణం ఆట ఆడించి, వాళ్ల మాటలు విని 1979లో ఒక పరిశోధన ప్రచురించారు. దుకాణదారుడు సరుకును తక్కువకు కొని ఎక్కువకు అమ్ముతాడన్న సంగతి చాలామంది పిల్లలకు పదేళ్లు దాటేదాకా పట్టుబడలేదు. చిన్నపిల్లల దృష్టిలో కొన్న ధర, అమ్మిన ధర ఒకటే. మరి దుకాణంలో పనిచేసేవాళ్లకు జీతం ఎక్కడి నుంచి వస్తుందని అడిగితే ఆ ప్రశ్నను దీనితో కలపలేకపోయారు. ఇటలీలో అన్నా బెర్తీ, అన్నా బోంబీ చేసిన పరిశోధనల్లోనూ ఇలాంటిదే కనిపించింది. నాలుగైదేళ్ల పిల్లలు కొందరు దుకాణంలో తిరిగిచ్చే చిల్లరను చూసి, డబ్బు పుట్టేది అక్కడే అనుకుంటారు.

ఇక్కడిదాకా చదివితే, ఇదంతా వయసు మీద ఆధారపడిన విషయమని, పదకొండేళ్లు వచ్చేదాకా ఆగితే సరిపోతుందని అనిపిస్తుంది. కానీ జహోదా అదే పరిశోధనను జింబాబ్వే రాజధాని హరారేలో చేసి 1983లో ఆ ఫలితాలు ప్రచురించారు. అక్కడి తొమ్మిది నుంచి పదకొండేళ్ల పిల్లలు లాభాన్ని బ్రిటన్ పిల్లల కంటే ముందుగా అర్థం చేసుకున్నారు. వాళ్లలో చాలామంది ఇంటివాళ్ల చిన్నచిన్న అమ్మకాల్లో పాలుపంచుకున్నవాళ్లు. కొన్న ధరకూ అమ్మిన ధరకూ తేడా ఎందుకుంటుందో వాళ్లకు ఎవరూ పాఠంలా చెప్పనక్కర్లేకపోయింది.

బ్రెజిల్‌లోని రెసిఫె నగరంలో 1985లో వచ్చిన మరో పరిశోధన దీనికి ఇంకో కోణం జోడించింది. వీధుల్లో సరుకులమ్మే కొద్దిమంది పిల్లల్ని పరిశోధకులు కొనుగోలుదారుల్లా లెక్కలు అడిగితే 98 శాతం సరిగ్గా చెప్పారు. అవే లెక్కల్ని కాగితం మీద అంకెలుగా రాసి ఇస్తే సరైన జవాబులు 37 శాతానికి పడిపోయాయి. భారతదేశంలో కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే పిల్లల మీద అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో బృందం చేసిన పెద్ద పరిశోధన 2025లో వెలువడింది. ఆ పిల్లలు బేరంలో కష్టమైన లెక్కలు నోటితో చేసేసి, బడిలో అడిగే తరహా లెక్కల దగ్గర తడబడ్డారు. అమ్మకాలు తెలియని బడి పిల్లలు మార్కెట్ తరహా లెక్కల దగ్గర అంతే తడబడ్డారు. అంటే అనుభవం దానంతట అది బడి చదువుగా మారదు, బడి చదువు దానంతట అది అనుభవంగా మారదు. రెంటినీ కలిపి కూర్చోబెట్టి మాట్లాడే మనిషి ఒకరు కావాలి. ఇంట్లో తల్లిదండ్రులు చేయగలిగిన పని సరిగ్గా అదే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ పిల్లల్లో చాలామంది అవసరం కొద్దీ పనిచేస్తున్నవాళ్లు. వాళ్ల నేర్పు చూసి పిల్లల్ని పనిలో పెట్టడం మంచిదని ఎవరైనా తేల్చేస్తే అది తప్పు మాత్రమే కాదు, అన్యాయం కూడా. చదువు, ఆట, విశ్రాంతి చెడకుండా నిజమైన కొనుగోళ్ల మధ్య, నిజమైన లెక్కల మధ్య పిల్లలకు కాస్త చోటివ్వడమే వాటి నుంచి మనం తీసుకోవాల్సింది.

డబ్బు అలవాట్లు ఏడేళ్లకే గట్టిపడిపోతాయన్న మాట కూడా చాలామందిని కంగారు పెడుతోంది. దీనికి మూలం బ్రిటన్‌లోని మనీ అడ్వైస్ సర్వీస్ కోసం కేంబ్రిడ్జ్ పరిశోధకులు డేవిడ్ వైట్‌బ్రెడ్, స్యూ బింగమ్ 2013లో రాసిన నివేదిక. అది పిల్లల్ని పెద్దయ్యేదాకా గమనించి చేసిన కొత్త అధ్యయనం కాదు, అప్పటికే ఉన్న పరిశోధనల సమీక్ష. ముందుచూపు, తనను తాను అదుపు చేసుకోవడం వంటివి చిన్న వయసులోనే రూపు దిద్దుకోవడం మొదలవుతుందన్నది అందులోని సారం. ఎనిమిదేళ్ల పిల్లకు ఇక ఏమీ నేర్పలేమన్న అర్థం ఎక్కడా లేదు.

ఆగడం, నమ్మడం

ఓపిక పట్టడం గురించి మాట్లాడే ప్రతివాళ్లూ స్టాన్‌ఫర్డ్‌లో వాల్టర్ మిషెల్ చేసిన మార్ష్‌మెలో (మెత్తటి మిఠాయి) ప్రయోగాన్ని తలుచుకుంటారు. ఇప్పుడే ఒకటి తింటావా, నేను తిరిగొచ్చేదాకా ఆగి రెండు తింటావా అని 1960ల చివర్లో, 1970ల మొదట్లో నర్సరీ పిల్లల్ని అడిగారు. ఎక్కువసేపు ఆగినవాళ్లు పెద్దయ్యాక చదువులో మెరుగ్గా ఉన్నారని 1990లో వచ్చిన ఫలితాలు చెప్పాయి. అక్కడి నుంచి అదొక శాస్త్రవాక్యం అయిపోయింది. టైలర్ వాట్స్, గ్రెగ్ డంకన్, హావోనాన్ క్వాన్ 2018లో 900 మందికి పైగా పిల్లల సమాచారంతో మళ్లీ పరిశీలిస్తే ఆ సంబంధం దాదాపు సగానికి తగ్గింది. కుటుంబ పరిస్థితులు, చిన్నప్పటి తెలివితేటలు కూడా లెక్కలోకి తీసుకుంటే మరీ బలహీనపడింది.

తల్లిదండ్రులు నిజంగా పట్టించుకోవాల్సిన ప్రయోగం ఇంకొకటుంది. రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో సెలెస్ట్ కిడ్, ఆమె సహచరులు 2013లో మూడు నుంచి ఐదేళ్ల పిల్లలు 28 మందిని రెండు జట్లు చేశారు. బొమ్మలు వేస్తున్న పిల్లలకు "కాసేపు ఆగు, ఇంతకంటే మంచి రంగులు తెస్తాను" అని మాటిచ్చారు. ఒక జట్టుకు అన్నట్టే తెచ్చిచ్చారు. రెండో జట్టు దగ్గరకు వచ్చి "సారీ, లేవు" అనేశారు. ఆ తర్వాత అందరికీ అదే మార్ష్‌మెలో పరీక్ష పెట్టారు. మాట నిలబెట్టుకోవడం చూసిన పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పడం చూసినవాళ్లు 3 నిమిషాలకే తినేశారు. ఇచ్చిన మాట చెల్లని చోట ముందు దొరికింది తీసేసుకోవడమే తెలివైన పని, ఆ పిల్లలు ఆ పనే చేశారు.

ఇంట్లో జరిగేవి ఒక్కసారి గుర్తు చేసుకోండి. పిల్లల డిబ్బీలోంచి అవసరానికి తీసిన డబ్బు తిరిగి వేస్తామంటాం, మర్చిపోతాం. ఎవరో వాళ్ల చేతిలో పెట్టిన డబ్బును "నా దగ్గర దాస్తాను" అని తీసుకుంటాం, ఆ తర్వాత దాని ఊసే ఉండదు. నెల మొదట్లో ఇస్తామన్న పాకెట్ మనీ నెల మధ్యకు జారుతుంది. ఇలాంటి ఇంట్లో పొదుపు గురించి ఎంత చక్కగా చెప్పినా పిల్లలకు దాచుకోవడంలో అర్థం కనబడదు. దాచింది తనకే దక్కుతుందన్న భరోసా లేనివాడు దాచడు. కాబట్టి పిల్లల దగ్గర తీసుకున్నది అప్పుగా రాసి పెట్టండి, తారీఖు వేయండి, ఆ రోజుకు తిరిగివ్వండి. ఇవ్వలేకపోతే ముందే చెప్పి ఇంకో తారీఖు అడగండి. అప్పు అంటే ఏమిటో, వాయిదా అడగడం ఎలాగో ఇంతకంటే బాగా నేర్పే మార్గం నాకు తెలియదు.

ఇంటి పనికి డబ్బు ఇవ్వాలా?

ఈ విషయంలో తల్లిదండ్రులు రెండు పక్షాలుగా చీలి ఉన్నారు. పని చేస్తేనే డబ్బు వస్తుందన్న లోకరీతి ఇంట్లోనే తెలియాలని ఒక పక్షం, ఇల్లు అందరిదీ కాబట్టి కూలి ఏమిటని రెండో పక్షం. పరిశోధనలు నేరుగా తీర్పు చెప్పవు గానీ రెండు హెచ్చరికలు చేస్తాయి.

మొదటిది 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ చేసిన ప్రయోగం. ఇష్టంగా బొమ్మలు వేసే నర్సరీ పిల్లల్లో కొందరికి "వేస్తే బహుమతి ఇస్తాం" అని ముందే చెప్పి ఇచ్చారు. కొద్ది రోజుల తర్వాత చూస్తే ఆ పిల్లలు ఖాళీ సమయంలో బొమ్మలు వేయడం మిగతావాళ్లతో పోలిస్తే సుమారు సగానికి తగ్గింది. ఇష్టంతో చేసే పనికి ముందే వెల కడితే ఇష్టం పలచబడే ప్రమాదం ఉందన్నమాట. చెప్పకుండా చివర్లో బహుమతి ఇచ్చిన పిల్లల్లో ఈ తగ్గుదల కనిపించలేదు.

రెండోది ఉరి నీజీ, ఆల్డో రుస్తికీనీ ఇజ్రాయెల్‌లోని శిశు సంరక్షణ కేంద్రాల్లో చేసి 2000లో ప్రచురించింది. పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకు జరిమానా పెడితే ఆలస్యాలు తగ్గకపోగా పెరిగాయి. అంతకుముందు ఆలస్యమైతే టీచరును ఇబ్బంది పెడుతున్నామన్న మొహమాటం ఉండేది. జరిమానా వచ్చాక అదొక సేవ, దానికొక ధర అయిపోయింది. తర్వాత జరిమానా ఎత్తేసినా ఆలస్యాలు పాత స్థాయికి దిగిరాలేదు. ఇంట్లో కూడా పక్క సర్దినందుకు, తిన్న కంచం కడిగినందుకు డబ్బు కడితే, ఏదో ఒక రోజు పిల్లాడు "నాకు ఇవాళ ఆ డబ్బు అక్కర్లేదు" అంటాడు. అప్పుడు మన దగ్గర జవాబు ఉండదు. ధర పెట్టింది మనమే.

అందుకని నేను ఒక తేడా పాటించమంటాను. తన వస్తువులు సర్దుకోవడం, అందరూ తినే చోట అందరితో పాటు చేయి వేయడం వంటి వాటికి డబ్బు వద్దు. బయటివాళ్లను పిలిచి చేయించుకునే పనిని పిల్లలు చేయగలిగితే, దానికి ముందే మాట్లాడుకుని ఇవ్వొచ్చు. ఏ పని, ఎప్పటికి, ఎలా ఉంటే పూర్తయినట్టు, ఎంత అన్నది ముందే తేల్చుకోవాలి. పని సగంలో ఆపేస్తే జాలిపడి మొత్తం ఇవ్వకూడదు, అలాగే బాగా చేశాక బేరం తగ్గించకూడదు. పాకెట్ మనీని మాత్రం దీంతో ముడిపెట్టకుండా విడిగా, క్రమం తప్పకుండా ఇవ్వాలి. అది జీతం కాదు, నిర్ణయాలు సాధన చేయడానికి ఇచ్చే సామగ్రి.

పాకెట్ మనీ వల్ల ఉపయోగం ఉంటుందా అంటే, 1991లో కెనడాలో రోనా అబ్రమోవిచ్ బృందం చేసిన ఒక ప్రయోగం నాకు బాగా నచ్చింది. ఆరు, ఎనిమిది, పదేళ్ల పిల్లలకు ఒక చిన్న ప్రయోగ దుకాణంలో ఖర్చు పెట్టుకునేందుకు కొంత మొత్తం ఇచ్చారు, కొందరికి నగదుగా, మరికొందరికి క్రెడిట్‌గా, అంటే చేతిలో నగదు లేకుండా కార్డులా వాడుకునేలా. మామూలుగా పాకెట్ మనీ అందుకునే పిల్లలు రెండు పద్ధతుల్లోనూ దాదాపు ఒకేలా ఖర్చు చేశారు. పాకెట్ మనీ అలవాటు లేని పిల్లలు క్రెడిట్ చేతికొస్తే నగదు కంటే చాలా ఎక్కువ ఖర్చు పెట్టారు. చెల్లింపులు ఫోన్ తెర మీదకు మారిపోయిన ఈ రోజుల్లో ఇది ఇంకా ముఖ్యం. తెర మీద వేలు ఆనిస్తే వస్తువు వచ్చేస్తుందని మాత్రమే చూసిన పిల్లలకు, ఆ వేలి వెనక తగ్గుతున్న అంకె కనిపించదు. చిన్న వయసులో కొన్నాళ్లయినా నాణేలు, నోట్లు చేత్తో లెక్కపెట్టనివ్వాలి. తర్వాత ఖాతాకు మారినప్పుడు, ప్రతి చెల్లింపు తర్వాతా మిగిలింది ఎంతో చూసే అలవాటు చేయాలి.

పిల్లలు తమ డబ్బును పనికిమాలిన వస్తువు మీద తగలేస్తే? తగలెయ్యనివ్వండి. ప్రమాదకరమైనది కాకపోతే చాలు. కొన్నాక "నేను ముందే చెప్పాను" అనకండి, అయిపోయిందని మళ్లీ ఇవ్వకండి. ఆ వారం ఖాళీ చేతులతో గడపడం చిన్న వయసులో దాదాపు ఉచితంగా దొరికే అనుభవం. పాతికేళ్లకు అదే తప్పు చేస్తే చాలా ఖర్చవుతుంది.

60 బుక్‌మార్కుల లెక్క

ఇప్పుడు వ్యాపారం దగ్గరికి వద్దాం. పదకొండేళ్ల అమ్మాయి చేత్తో బుక్‌మార్కులు చేసి అమ్ముతానంది అనుకుందాం. ఏ దేశపు డబ్బయినా సరే, అంకెలు మాత్రం చూద్దాం. అట్టలు, రంగులు, దారాలకు 300 ఖర్చయింది. 60 బుక్‌మార్కులు తయారయ్యాయి. ఒక్కోటి 10కి అమ్మింది. 40 అమ్ముడుపోయాయి. చేతిలో 400 ఉంది.

"నేను 400 సంపాదించాను" అంటుంది పాప. చాలా ఇళ్లలో కథ ఇక్కడే ఆగిపోతుంది. అందరూ చప్పట్లు కొడతారు, ఫోటో తీస్తారు. సామాను డబ్బు అమ్మానాన్నలు ఎప్పుడో కట్టేశారు, అది లెక్కలోకే రాదు. పెట్టుబడి అనేది గాలిలోంచి వస్తుందన్న పాఠం పాపకు తెలియకుండానే ఎక్కేస్తుంది.

బదులుగా ఆ 300ను మొదట్లోనే అప్పుగా ఇచ్చి ఉంటే, ముందు అది తీర్చాలి. మిగిలేది 100. ఇప్పుడు పాప ఒక మంచి ప్రశ్న అడగవచ్చు: "ఒక్కోటి చేయడానికి 5 అయింది, 10కి అమ్మాను. ఒక్కోదానిమీద 5 లాభం. 40 అమ్మితే 200 రావాలి కదా, 100 ఏమైంది?" ఆ 100 ఇంట్లోనే ఉంది, అమ్ముడుపోని 20 బుక్‌మార్కుల రూపంలో. ఒక్కోదానిలో 5 చొప్పున సొమ్ము ఇరుక్కుపోయింది. లాభం కాగితం మీద ఉండి చేతిలో డబ్బు లేకపోవడం, సరుకు పేరుకుపోవడం వంటి వాటి వల్ల పెద్ద పెద్ద వ్యాపారాలు కూడా మూతపడతాయి. ఆ సంగతి ఒక అట్టపెట్టెలో మిగిలిన 20 ముక్కలు చూపించి చెప్పొచ్చు.

తర్వాతి ప్రశ్న సమయం. అన్నీ కలిపి పది గంటలు పట్టింది అనుకుంటే గంటకు 10 మిగిలినట్టు. ఇది తక్కువా ఎక్కువా అన్నది పాపే చెప్పాలి. ఆ పది గంటలు తనకు ఎంతో ఇష్టంగా గడిచి ఉంటే ఆ లెక్క వేరు.

అన్నిటికంటే కష్టమైన ప్రశ్న చివర్లో వస్తుంది. ఆ 40 ఎవరు కొన్నారు? 30 మంది మన చుట్టాలు, అమ్మానాన్నల ఆఫీసు స్నేహితులు అయితే, వాళ్లు కొన్నది బుక్‌మార్కును కాదు, పాప మీద ప్రేమతో కొన్నారు. పరిచయం లేనివాళ్లు కొన్నవి 10. ఈ మాట పాపను చిన్నబుచ్చడానికి చెప్పేది కాదు. ఆ 10 మందే ఈ మొత్తం వ్యవహారంలో అతి విలువైన సమాచారం. వాళ్లు ఏ రంగుది ఎంచుకున్నారు, ఎవరి కోసం తీసుకున్నారు, చూసి కొనకుండా వెళ్లినవాళ్లు ఏమన్నారు? వ్యాపారం నేర్పడం అంటే ఆ పదిమంది దగ్గరకు మళ్లీ వెళ్లి అడగడం నేర్పడం. పిల్లలకు ధైర్యం కావాల్సింది వేదిక మీద కాదు, ఈ ప్రశ్న అడిగేటప్పుడు.

అమ్ముడుపోకపోతే అప్పు ఎలా తీరుతుందన్నది మొదలుపెట్టకముందే మాట్లాడుకోవాలి. "మొత్తం పోతే నీ పాకెట్ మనీలో నెలకు ఇంత చొప్పున ఎన్ని నెలలు కట్టగలవు?" అని అడిగితే, 300 తెచ్చుకోవాలా, 100తో 20 చేసి చూడాలా అన్నది పాపే తేల్చుకుంటుంది. ముందు చెప్పుకున్న గీత ఇదే.

వ్యాపార శిక్షణ ఏం మారుస్తుంది

విద్యార్థులతో చిన్న కంపెనీలు పెట్టించి నేర్పే పద్ధతికి నూరేళ్ల చరిత్ర ఉంది. జూనియర్ అచీవ్‌మెంట్ సంస్థ 1919లో అమెరికాలో మొదలైంది. ఆ సంస్థ నమూనాలో నెదర్లాండ్స్‌లో ఒక కళాశాలలో నడిచిన మినీ కంపెనీ కార్యక్రమాన్ని హెస్సెల్ ఊస్టర్‌బేక్, మిర్యం వాన్ ప్రాగ్, ఆకే ఐసెల్‌స్టైన్ పరిశీలించి 2010లో ఫలితాలు ప్రచురించారు. విద్యార్థుల నైపుణ్యాల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. వ్యాపారం పెట్టాలన్న కోరిక మాత్రం తగ్గింది! వ్యాపారం ఎలా ఉంటుందో దగ్గరగా చూశాక తమ గురించి తాము వాస్తవంగా ఆలోచించి ఉంటారన్నది ఒక వివరణ.

ఆ తర్వాత వాన్ ప్రాగ్, లారా హ్యూబర్, రాండోల్ఫ్ స్లూఫ్ అదే దేశంలో పదకొండు, పన్నెండేళ్ల పిల్లల మీద బిజ్‌వరల్డ్ అనే శిక్షణను పరీక్షించారు. 2014లో వచ్చిన ఆ ఫలితాల్లో, వ్యాపార విషయ పరిజ్ఞానం పెద్దగా పెరగలేదు. కానీ పట్టుదల, చొరవ, తన మీద తనకు నమ్మకం, సృజన వంటివి పెరిగాయి. వ్యాపారవేత్త కావాలన్న కోరిక ఇక్కడా తగ్గింది. నాకు ఈ రెండు పరిశోధనలూ ఎంతో ఊరటనిస్తాయి. చిన్న వయసులో చేసే వ్యాపార ప్రయోగం పిల్లల్ని వ్యాపారవేత్తలుగా మార్చే యంత్రం కాదు. అది వాళ్లకు సరిపడుతుందో లేదో తక్కువ ఖర్చులో తెలుసుకునే అవకాశం. "నాకు అమ్మడం నచ్చలేదు, తయారు చేయడమే నచ్చింది" అని ఒక పిల్ల తెలుసుకుంటే శిక్షణ విఫలమైందని ఎవరూ అనుకోనక్కర్లేదు.

మరి పిల్లల్లో వ్యాపార ధోరణి ఎక్కడి నుంచి వస్తుంది? మాథ్యూ లిండ్‌క్విస్ట్, యోరి సోల్, వాన్ ప్రాగ్ స్వీడన్‌లో దత్తత వెళ్లినవాళ్ల వివరాలతో చేసి 2015లో ప్రచురించిన పరిశోధన దీనికి అరుదైన జవాబిచ్చింది. తల్లిదండ్రులు వ్యాపారం చేసినవాళ్లయితే పిల్లలు వ్యాపారంలోకి వచ్చే అవకాశం సుమారు 60 శాతం ఎక్కువ. దత్తత వెళ్లినవాళ్లలో కన్నవాళ్ల ప్రభావమూ ఉంది, పెంచినవాళ్ల ప్రభావమూ ఉంది, కానీ పెంచినవాళ్లది దాదాపు రెట్టింపు. అంటే రక్తంలో వచ్చేదాని కంటే ఇంట్లో రోజూ చూసేది ఎక్కువ పనిచేస్తోంది. ఉద్యోగం చేసే తల్లిదండ్రులు దీనికి నిరాశపడాల్సిన పని లేదు. ఇంట్లో ఒక సమస్య వచ్చినప్పుడు ఎవరినో తిట్టి ఊరుకుంటున్నామా, దాన్ని సరిచేసే మార్గం వెతుకుతున్నామా అన్నది కూడా పిల్లలు చూసేదే.

చిన్న వయసులోనే కంపెనీ పెట్టాలన్న తొందర కూడా అక్కర్లేదు. పియర్ అజూలే, బెంజమిన్ జోన్స్, డేనియల్ కిమ్, జేవియర్ మిరాండా అమెరికా సంస్థల వివరాలు పరిశీలించి 2020లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, వెయ్యిలో ఒకటిగా అత్యంత వేగంగా ఎదిగిన కొత్త సంస్థల వ్యవస్థాపకుల సగటు వయసు 45. పద్నాలుగేళ్ల పిల్లాడికి ఇంకా చాలా సమయం ఉంది.

వడ్డీ పాఠానికి సమయం

డబ్బు గురించి తరగతి గదిలో చెప్తే ఫలితం ఉంటుందా అన్నదాని మీద పరిశోధకుల్లోనే వాదన ఉంది. డేనియల్ ఫెర్నాండెస్, జాన్ లించ్, రిచర్డ్ నెటిమయర్ 2014లో 201 అధ్యయనాలను కలిపి చూసి, ఇలాంటి చదువు జనం ఆర్థిక ప్రవర్తనలోని తేడాల్లో 0.1 శాతాన్ని మాత్రమే వివరిస్తోందని, అదీ కాలంతో కరిగిపోతోందని తేల్చారు. టిమ్ కైజర్, అన్నామరియా లుసార్డి, మరో ఇద్దరు 2022లో 76 యాదృచ్ఛిక ప్రయోగాలను (ఎవరికి పాఠం చెప్పాలో చీటీ తీసినట్టు ఎంచి చేసేవి) కలిపి చూస్తే ఫలితం మెరుగ్గానే కనిపించింది. నాకు తోచేది ఏమిటంటే, అవసరం ఎదురుగా ఉన్నప్పుడు చెప్పింది నిలుస్తుంది. ఆరేళ్ల పిల్లకు చక్రవడ్డీ చెప్పి లాభం లేదు. మొదటి బ్యాంకు ఖాతా తెరిచిన రోజు, ఫోన్ వాయిదాల మీద కొందామని పిల్లాడు అడిగిన రోజు చెప్పాలి.

చెప్పడానికి 72 లెక్క చాలు. వడ్డీ రేటుతో 72ను భాగిస్తే మొత్తం ఎన్నేళ్లలో రెట్టింపవుతుందో సుమారుగా వస్తుంది. ఏటా 6 శాతం వస్తే 12 ఏళ్లు. అదే అప్పు మీద నెలకు 3 శాతం చక్రవడ్డీ పడుతుంటే 24 నెలల్లోనే రెట్టింపు. ఇంకోవైపు, ధరలు ఏటా 6 శాతం పెరుగుతుంటే డిబ్బీలో దాచిన డబ్బుకు 12 ఏళ్లలో సగం సరుకే వస్తుంది. ఒకే లెక్క పొదుపుకు, అప్పుకు, ధరల పెరుగుదలకు ఎలా వర్తిస్తుందో పిల్లలు చూస్తే వాళ్ల ముఖంలో ఆశ్చర్యం కనబడుతుంది. క్యాలిక్యులేటర్ వాళ్ల చేతికే ఇవ్వండి.

ఇంటి ఆర్థిక పరిస్థితి గురించి ఎంత చెప్పాలన్నది ఇంకా మిగిలిన ప్రశ్న. డబ్బుకు ఇబ్బందిగా ఉన్న ఇళ్లలో ఇది మరీ సున్నితం. పిల్లలు పెద్దల గొంతులోని ఆందోళనను ఎలాగూ పసిగడతారు. ఏమీ చెప్పకపోతే తమ వల్లే ఏదో జరిగిందని ఊహించుకునే ప్రమాదం ఉంది. అప్పుల మొత్తాలు, ఎవరితో గొడవ అయింది వంటివి వాళ్ల నెత్తిన పెట్టకూడదు. "ఈ మూడు నెలలు బయట ఖర్చులు తగ్గిస్తున్నాం, నీ చదువుకు ఇబ్బంది లేదు, నీ పాకెట్ మనీ సగం చేస్తున్నాం, ఎప్పుడు మళ్లీ మామూలవుతుందో చెప్తాం" అని చెప్పొచ్చు. పదమూడు, పద్నాలుగేళ్లు వచ్చిన పిల్లలకు ఇంటి ఖర్చుల్లో ఒక పద్దు పూర్తిగా అప్పగించి కూడా చూడొచ్చు, ఇంటర్నెట్ బిల్లు అనుకోండి. ఏ ప్లాన్ ఎంత, మనం నిజంగా వాడేదెంత, మారిస్తే మిగిలేదెంత అని వాళ్లే వెతికి, వాళ్లే నిర్ణయించి, ఆ నిర్ణయం సరిగా లేకపోతే వచ్చే నెల వాళ్లే మార్చాలి. మిగిలిన డబ్బులో వాటా ఇస్తారా లేదా అన్నది మొదలుపెట్టకముందే చెప్పేయండి.